క్యాంపర్ కట్టించాలంటే ఏ వ్యాన్ కొనాలి? మీ ప్రశ్నలకి జవాబులు

పోయిన నెల క్యాంపర్ కోసం, అంటే లోపలే పడుకుని వంట చేసుకునేలా మార్చుకున్న బండి కోసం, వ్యాన్ వెనక మడత మంచం ఎలా కట్టుకోవాలో చిన్న జవాబు రాశాను, ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే పాట, మంచం సంగతి సరే ముందు ఏ బండి కొనాలో చెప్పు అని. అడగాల్సిందే. మంచం నచ్చకపోతే విప్పి ఇంకోలా బిగించుకుంటాం, తప్పుడు బండి కొంటే ఓఎల్ఎక్స్‌లో పెట్టుకుని ఏడాది తిరగాలి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఐదు తీసుకున్నా.

ప్రశ్న: అన్నా, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. సెకండ్ హ్యాండ్‌లో ఫోర్స్ ట్రావెలరా, టాటా వింగరా అని ఏడాదిగా తేల్చుకోలేకపోతున్నా. మా బావమరిదేమో ఫోర్స్ వాళ్ళ అర్బేనియా తప్ప ఇంకోటి చూడొద్దంటున్నాడు. నా ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు, అరకు, శ్రీశైలం, ఒక్కసారైనా కన్యాకుమారి దాకా వెళ్ళాలని కోరిక. (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

బావమరిది డబ్బులు కూడా పెడతానంటే అర్బేనియానే తీసుకోండి, ఇంక కిందిది చదవక్కర్లేదు. పెట్టనంటే చదవండి.

బండి కంటే ముందు కాగితం సంగతి చూడాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మన ఇష్టానికి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది, ఆ ఏడాదే చట్టం సవరించి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. అలాగని క్యాంపరే వద్దని కాదు. మోటార్ క్యారవాన్ అనే కేటగిరీ మన రూల్స్‌లో ఉంది, దానికి ఏఐఎస్-124 అని ఒక స్టాండర్డ్ కూడా ఉంది, సొంత వాడకానికైతే క్యాంపర్ వ్యాన్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ లిస్టులోకే వస్తుంది. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి చోట్ల టెస్టింగ్ చేయించి అప్రూవల్ తెచ్చుకున్న క్యాంపర్ బిల్డర్లు ఉన్నారు, ఐతే ఆ అప్రూవల్ ఫలానా మోడల్‌కి, ఫలానా వీల్‌బేస్‌కి (ముందు వెనక చక్రాల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) అని ఉంటుంది, అన్ని బండ్లకీ పనికిరాదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, బండి కొని తెచ్చి ఇంటి ముందు పెట్టుకుని అప్పుడు బిల్డర్‌ని వెతుకుతారు, ఆయనేమో సార్ మాకు అప్రూవల్ 3350కి ఉంది మీరు 4020 తెచ్చారు అంటాడు. కాబట్టి ముందు బిల్డర్, ఆయన అప్రూవల్ జిరాక్స్, ఆ జిరాక్స్ పట్టుకుని మీ ఆర్టీయే ఆఫీసు, ఆ తర్వాతే బండి. ఎల్లో బోర్డు బండైతే పర్మిట్ సరెండర్, ట్యాక్స్ తేడా ఎంత కట్టాలి అన్నీ అదే రోజు అడిగేసేయండి. సీట్లు విప్పేస్తే ఎవరు చూస్తారులే అనుకోవద్దు, ఆర్సీలో సీటింగ్ కెపాసిటీ రాసుంటుంది, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట చూసేది అదే.

ఇప్పుడు బండ్లు. ట్రావెలర్ 1987 నుంచి రోడ్డు మీద ఉంది, బజాజ్ టెంపో వాళ్ళు మెర్సిడెస్ టీ1 వ్యాన్‌ని తెచ్చి మన రోడ్లకి దించారు, అందుకే ఇప్పటికీ దాన్ని టెంపో అనే పిలుస్తాం. దీని గొప్ప ఒకటే, ఏ మండల కేంద్రంలో ఆగిపోయినా దాని కడుపులో ఏముందో తెలిసిన మెకానిక్ ఒకడు దొరుకుతాడు. వెనక చక్రాలు తోసే బండి కాబట్టి వెనక బరువు పడితే ఘాట్ ఎక్కేటప్పుడు పట్టు పెరుగుతుందే గానీ తగ్గదు. వీల్‌బేస్‌లు 3050, 3350, 3700, 4020 ఇలా ఉంటాయి. నలుగురికి 3350లో కొంచెం ఇరుకు, 3700 ఐతే హాయి, 4020 తీసుకుంటే లోపల రాజభోగమే గానీ అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చినప్పుడు తెలుస్తుంది.

వింగర్ వేరే జాతి. 2007లో వచ్చింది, రెనో ట్రాఫిక్ అనే ఫ్రెంచ్ వ్యాన్ దీనికి మూలం, మోనోకాక్ బాడీ (కింద విడిగా ఫ్రేమ్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది), ముందు చక్రాలు లాగుతాయి. వెనక చక్రాలకి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కింద లేదు కాబట్టి ఫ్లోర్ కిందికి ఉంటుంది, పిల్లలు, పెద్దవాళ్ళు ఎక్కి దిగడానికి సుఖం, నడిపితే కారులా ఉంటుంది. ఐతే రెండు ఇబ్బందులు. ఒకటి, నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, వంటగట్టు అన్నీ వెనక పడేస్తే ముందు చక్రాల మీద బరువు తేలికై తడి రోడ్డు మీద ఎక్కుడులో చక్రం తిరుగుతుంది, అందుకే బరువంతా ముందు సీట్ల వెనకే సర్దుకోవాలి. రెండోది వెడల్పు. వింగర్ బయటి కొలతే 1905 మిల్లీమీటర్లు, లోపల రేకు, ఫోమ్, ప్యానెల్ పోగా 180 సెంటీమీటర్ల మనిషి, మీరు అడ్డంగా పడుకోలేరు. ట్రావెలర్ ఇంకాస్త వెడల్పు గానీ అందులోనూ మీకు తల ఒక గోడకి కాళ్ళు ఒక గోడకి ఆనతాయి. ఏ బండైనా మీ మంచం నిలువుగానే వేసుకోండి, పిల్లలది అడ్డంగా.

నిలబడే ఎత్తు గురించి డీలర్ మాట, నా మాట రెండూ నమ్మొద్దు, టేపు తీసుకెళ్ళండి. రేకు నుంచి రేకు దాకా కొలిచాక అందులోంచి ఫ్లోర్ ఫోమ్ 20, ఫ్లోర్ ప్లై 12, సీలింగ్ ఫోమ్ 25, పైన ప్యానెల్ 6 మిల్లీమీటర్లు తీసేయండి, మొత్తం 63, అంటే రెండున్నర అంగుళాలు. షోరూంలో తల తగలకుండా నిలబడ్డవాడు బండి పూర్తయ్యాక మెడ వంచుకుని పప్పు తాలింపు వేసేది ఇందుకే.

అర్బేనియా మంచి బండి, 2022 చివర్లో వచ్చింది, 3350, 3615, 4400 వీల్‌బేస్‌లు, ఇంజిన్ ట్రావెలర్‌లో వాడే 2.6 లీటర్ల కుటుంబమే, 115 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్లు, కాకపోతే సస్పెన్షనూ బ్రేకులూ బాడీ గట్టిదనం అన్నీ ఒక తరం ముందున్నాయి. ఏడాదికి నాలుగు ట్రిప్పులకి అంత డబ్బు రోడ్డు మీద పెట్టాలా అన్నది మీ ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతి.

ఇంక నేను తిన్న దెబ్బ చెప్తాను. నా మొదటి వ్యాన్‌కి కార్పెంటర్ని పెట్టుకుని ఇంట్లో కబోర్డుల్లాగే 18 ఎంఎం ప్లైతో కట్టించాను, చూడముచ్చటగా ఉంది, ఎవరొచ్చినా తలుపులు తీసి తీసి చూసేవాళ్ళు. నెల తిరక్కుండానే వెనక కమాన్లు తిరగబడ్డాయి. ఎందుకో వేబ్రిడ్జి ఎక్కిద్దామని ధాన్యం లారీల మధ్య లైన్లో పెట్టి ఎక్కిస్తే, మా ఇంటిల్లిపాదీ బండిలో కూర్చోకముందే ప్లేటు మీద రాసున్న జీవీడబ్ల్యూకి (మనుషులూ సామానుతో కలిపి బండి ఉండదగ్గ మొత్తం బరువు) ఇంక 90 కిలోలే మిగిలింది. కాటా కుర్రాడు చీటీ చించి ఇస్తూ లోపల ఏం లోడు సార్ అన్నాడు. బీరువాలు బాబూ అన్నా.

ఆ రోజు నుంచి నేను వేసే లెక్క ఇది, మీరూ వేసుకోండి. 13 సీట్ల బండి అంటే కంపెనీ వాడు తలకి సుమారు 70 కిలోల చొప్పున 900 కిలోలు మోస్తుందని చెప్పినట్టే. సీట్లు తీసేస్తే ఇంకో 150 దాకా కలిసొస్తుంది. అంటే మీ చేతిలో వెయ్యి కిలోలు. అందులో మీ నలుగురు 220. నీళ్ళు 100 లీటర్లంటే 100 కిలోలు. ఎనిమిదికి నాలుగు షీట్ 18 ఎంఎం ప్లై ఒక్కోటి 35 కిలోల దగ్గర తూగుతుంది, పది షీట్లు పడితే 350. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు పెడితే 110 దాటుతుంది. అప్పటికే 780 అయ్యాయి, ఇంకా ఫ్రిజ్ లేదు, పరుపులు లేవు, సోలార్ ప్యానెల్ లేదు, బట్టలు లేవు, మీ అత్తగారు కట్టిచ్చే పచ్చళ్ళ జాడీలు లేవు. ప్లై 9 ఎంఎంకి దించి అల్యూమినియం సెక్షన్‌తో ఫ్రేమ్ కట్టిస్తే చెక్క బరువు దాదాపు సగానికి వస్తుంది, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ 12 కిలోలే ఉంటుంది. బండి కొనేముందు ఖాళీగా ఒకసారి కాటా ఎక్కించండి, వంద రూపాయల్లో పోయే పని, అమ్మేవాడు నవ్వినా పర్లేదు. మొత్తం బరువూ, ముందు చక్రాలూ, వెనక చక్రాలూ, మూడూ విడివిడిగా.

మీకైతే నేను ట్రావెలర్ 3700 చూడమంటాను, ప్యాసింజర్‌గా తిరిగిందైనా పర్లేదు, స్కూల్ ట్రిప్పులు కొట్టిందైతే క్లచ్చు, బ్రేకులు రెండుసార్లు చూపించుకోండి. లైసెన్స్ గురించి కంగారొద్దు, 7,500 కిలోల లోపు గ్రాస్ వెయిట్ అంటే ఎల్ఎంవీనే, అదే లైట్ మోటార్ వెహికల్.

ప్రశ్న: నమస్కారమండీ. నేనూ మావారూ ఇద్దరం టీచర్లుగా రిటైరయ్యాం. పెద్ద బండి నడిపే ఓపిక లేదు. మారుతి ఈకోలో ఇద్దరం పడుకునేలా చేయించుకోవచ్చా? ఏసీ పెట్టించుకోవచ్చా? ఎండ అస్సలు తట్టుకోలేం. (గుంటూరు నుంచి)

అమ్మా, ఇద్దరికైతే ఈకో తప్పేమీ కాదు, ఐతే దాన్ని ఇల్లు అనుకోకండి, చక్రాలున్న మంచం అనుకోండి. పొడవు 3675, వెడల్పు 1475 మిల్లీమీటర్లు, బయటి కొలతలే. లోపల నిలబడ్డం కాదు కదా సరిగ్గా మోకాళ్ళ మీద లేవడం కూడా కష్టమే. వంట వెనక డోరు ఎత్తి బయట నిలబడి చేసుకోవాలి. 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, రెండొందల కిలోమీటర్లు నడిపి ఆపగానే పడుకుంటే కింది నుంచి సెగ తగులుతూ ఉంటుంది, ఒక గంట తలుపులు తీసి పెట్టి టీ తాగి అప్పుడు పక్క వేసుకోండి.

మీకు నా సలహా, బండిని కొయ్యొద్దు, సీట్లు శాశ్వతంగా పీకొద్దు. వెనక సీటు మడిచి దాని మీద పడేలా మూడు ముక్కల చెక్క పలక చేయించుకోండి, ఊరికెళ్ళేటప్పుడు పెట్టుకోవడం, వచ్చాక అటక మీద పడేయడం. ఆర్సీ జోలికి పోయే పని ఉండదు. సీటు ఎంత చదునుగా మడుస్తుందో షోరూంలో మీరే మడిచి చూడండి, మీవారిని పడుకోబెట్టి మరీ చూడండి, సేల్స్ కుర్రాళ్ళకి అలవాటే.

ఏసీ గురించి మాత్రం నిజం చెప్పాలి. బండి ఏసీ ఇంజిన్ ఆన్‌లో ఉంటేనే పని చేస్తుంది, రాత్రంతా ఇంజిన్ వేసుకుని మూసిన బండిలో పడుకోవడం అంటే పొగ లోపలికొస్తే ప్రాణాలకే ముప్పు, అది అస్సలు వద్దు. ఇంట్లో పెట్టే టన్ను ఏసీ పెట్టాలంటే రాత్రికి అటూ ఇటూగా 5 యూనిట్లు లాగుతుంది. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్లు. పైన 200 వాట్ల సోలార్ పెట్టినా రోజంతా ఎండ కాస్తే వచ్చేది ఒక యూనిట్ లోపే. లెక్కల టీచర్ మీలో ఎవరో వాళ్ళు చేసి చూస్కోండి, ఈకోకి అది మోయలేని బరువు, మీకు మోయలేని ఖర్చు. రెండు 12 వోల్టుల ఫ్యాన్లు, కిటికీలకి దోమతెర, తెల్ల రంగు బండి, ఇవి చాలు. మన రెంటచింతలలో మే నెలలో ఎండ ఎలా ఉంటుందో గుంటూరు వాళ్ళకి నేను చెప్పాలా, ఆ నెల ఇంట్లోనే ఉండి నవంబర్‌లో లంబసింగి వెళ్ళండి.

ప్రశ్న: అన్నా, బొలెరో క్యాంపర్ తీస్కుందాం అనుకుంటున్న. పేర్లనే క్యాంపర్ ఉంది కదా, మంచిగుంటదా? లేకుంటే ఇసుజు వీ-క్రాస్ ఎట్లుంటది? వెనుక డబ్బా కట్టించుకుంటే అయిపాయె అంటున్నరు మా దోస్తులు. (కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు)

తమ్ముడూ, ఆ పేరు చూసి అడిగినోడివి నువ్వొక్కడివే కాదు. బొలెరో క్యాంపర్ అంటే వెనక తొట్టి ఉన్న డబుల్ క్యాబ్ పికప్, పొలానికి కూలీల్నీ సామానునీ ఒకేసారి తీసుకెళ్ళే బండి. పడుకునే క్యాంపర్‌కీ దానికీ సంబంధం లేదు. మామూలుగా గూడ్స్ బండిగానే రిజిస్టర్ అవుతుంది, గూడ్స్ బండి తొట్టిలో మనుషులు ప్రయాణం చేయకూడదు, దాని మీద డబ్బా కట్టి గది చేస్తే చెక్‌పోస్టులో ఆపినోడికి నువ్వు చెప్పుకునే కథ చాలా పెద్దదవుతుంది.

ఐతే మీ దోస్తుల మాటలో ఒక నిజముంది. పికప్‌లకి కింద నిచ్చెన లాంటి ల్యాడర్ ఫ్రేమ్ ఉంటుంది, బరువు మోసేది అదే, పైన తొట్టి ఉన్నా డబ్బా ఉన్నా దానికి ఒకటే. వింగర్, అర్బేనియా లాంటి మోనోకాక్ బండ్లలో బాడీయే చాసిస్, కిటికీ కోసం ఒక పిల్లర్ కోశావంటే బండి వెన్నుపూస కోసినట్టే. అందుకే బయటి దేశాల్లో పెద్ద డబ్బా క్యాంపర్లన్నీ క్యాబ్ చాసిస్ (ముందు క్యాబిన్, వెనక ఖాళీ ఫ్రేమ్) మీదే కడతారు.

వీ-క్రాస్ ప్రైవేట్‌గా వైట్ బోర్డు మీద తీసుకోవచ్చు, 1.9 లీటర్ డీజిల్, 163 హార్స్‌పవర్, 4x4 ఉంది, పైగా మన శ్రీసిటీలో తయారయ్యే బండి. దానికి డబ్బా వద్దు. తొట్టి మీద క్యానోపీ, అంటే గట్టి మూత, లోపల నిలువుగా ఒక పరుపు, సామాను కింద డ్రాయర్లలో, అంతే. ఆ క్యానోపీ కూడా ఆర్టీయేలో అడిగి పెట్టించుకో. రూఫ్ టెంట్ పెట్టాలంటే అది 60 కిలోల దాకా ఉంటుంది, క్యారియర్ అంత మోస్తుందో లేదో ముందు చూస్కో, బండి ఆగినప్పుడు మోసేది వేరు, గుంతల్లో ఎగిరేటప్పుడు మోసేది వేరు. పెళ్ళి కాకముందు, మేడారం దారులు, మారేడుమిల్లి అడవి ఇలాంటివి తిరగాలంటే ఇదే బెస్ట్. పిల్లలు పుట్టాక అమ్మేస్తావు, నష్టం లేదు, మళ్ళీ ఈ పేజీకే రాస్తావు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ప్రోమాస్టర్, ట్రాన్సిట్, స్ప్రింటర్, ఈ మూడు వ్యాన్లలో ఏది? వేసవి సెలవల్లో కొలరాడో, యూటా తిరగాలి. ఏడాదికి ఒకసారి స్నోకి కూడా.

మీ దగ్గర చాయిస్ ఎక్కువ, అదే మీ కష్టం. అడ్డంగా పడుకోవాలంటే ప్రోమాస్టర్, లోపల వెడల్పు 75 అంగుళాల పైనే, గోడలు కూడా నిలువుగా ఉంటాయి, కార్పెంటరీ సులువు, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి ఫ్లోర్ కిందికి ఉంటుంది. స్నో సంగతి నిజంగా ఉంటే ట్రాన్సిట్, 2020 మోడల్ నుంచి ఆల్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది, హై రూఫ్‌లో ఎత్తు కూడా ఎక్కువే, రిపేరుకి ఏ ఊళ్ళో అయినా ఫోర్డ్ డీలర్ ఉంటాడు. స్ప్రింటర్ నడపడానికి బాగుంటుంది, సర్వీసు బిల్లు చూసినప్పుడు బాగుండదు. ఏడాదికి ఒక్కసారి స్నో కోసం ఏడాదంతా ఆల్ వీల్ డ్రైవ్‌ని మోయాలా అన్నది ఆలోచించండి, నేనైతే ప్రోమాస్టర్ కొనుక్కుని స్నోకి చైన్లు వేసుకుంటాను.

ప్రశ్న: వేలంలో పాత అంబులెన్స్ ట్రావెలర్లు చవగ్గా వస్తున్నాయి. లోపల లైట్లు, ఫ్యాను, వైరింగ్ అన్నీ ఉంటాయి కదా, క్యాంపర్‌కి సగం పని అయిపోయినట్టే కదా? (రాజమండ్రి నుంచి)

సగం కాదు గానీ కొంత అయినట్టే. లోపల ఖాళీ, వెనక పెద్ద తలుపులు, పక్కన స్లైడింగ్ డోరు, నిజంగానే మంచి బేస్. ఐతే మూడు చూడాలి.

సర్కారు పేరు మీద ఉన్న బండికి 15 ఏళ్ళు నిండితే 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, తుక్కు కిందకే పోవాలి. వేలం కాగితంలో అది రోడ్డు మీదకి అమ్ముతున్నారా, స్క్రాప్‌గా అమ్ముతున్నారా అన్న ఒక్క లైను చదవకుండా డబ్బు కట్టినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళ ఇంటి వెనక ఇప్పుడు అందులో కోళ్ళు ఉంటున్నాయి. రెండోది, ఆర్సీలో క్లాసు అంబులెన్స్ అని ఉంటుంది, అది మార్పించుకునేదాకా సైరనూ, పైన తిరిగే లైటూ, ఆ అక్షరాలూ అన్నీ తీసేసి ఇంట్లో పెట్టుకోవాలి, ట్యాక్స్ మినహాయింపు ఉన్న బండైతే ఆ లెక్క కూడా మీ నెత్తికి వస్తుంది.

మూడోది తుప్పు. అంబులెన్స్ లోపల రోజుకి ఎన్నిసార్లు నీళ్ళు, ఫినాయిల్ కొట్టి కడుగుతారో ఎవరూ లెక్క పెట్టరు, ఆ నీళ్ళు వినైల్ మ్యాట్ కిందకి దిగి అక్కడే ఉండిపోతాయి. స్ట్రెచర్ రైలు బిగించిన బోల్టుల చుట్టూ చూడండి, స్లైడింగ్ డోరు కింది పట్టాలు చూడండి. ఒప్పుకుంటే మ్యాట్ ఒక మూల ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి, రేకు బాగుంటే టంగుమంటుంది, లోపల తినేసి ఉంటే అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటుంది. ఎత్తనివ్వకపోతే కింద దూరి టార్చి వేసి చూడండి, అక్కడ కొత్తగా నల్ల పెయింట్ కొట్టి ఉంటే ఆ బండి వదిలేసి పక్కదానికి వెళ్ళండి.